ఉప్పలు, నాచారములు: పొలముపన్ను నుండి యింటిపన్ను వఱకు

ఊరిపేళ్లకు వ్యుత్పత్తి చెప్పబూనువారు తఱచుగ పేరి మొదటిభాగమునే పట్టుకొని పెనగుదురు, వెనుకభాగమును విడిచిపెట్టుదురు. హైదరాబాదునకు తూర్పున మూసీ దాపున నున్న ఉప్పలు విషయమున నిట్లే జరుగుచున్నది. ఆ శబ్దము ఉప్పునుండి పుట్టెనా, మఱియొకదాని నుండి పుట్టెనా యను చర్చ వినుటకు సొంపుగనే యుండును గాని, శాసనాధారము చూపనిది యొక యడుగైన ముందునకు సాగదు. ఆ పేరి వెనుక నిలిచిన కలాన్, ఖాల్సా, బాగాతు అను మూడుమాటలు మాత్రము దస్త్రములలో నున్నవి. వాని యర్థము నిశ్చితము. ఆ యూరు ఎవరికి, దేనిమీద పన్ను చెల్లించెనో యవి చెప్పుచున్నవి. కావున మొదటిభాగమును ముట్టక, యీ వెనుకమాటలను బట్టియే యుప్పలు నాచారముల పన్నుచరిత్రమును బరిశీలింతును.

కలాన్ అనగా పారసీకమున పెద్దది. దీనికి ప్రతియోగి ఖుర్దు, చిన్నది. మన పెద్ద చిన్న, ఎగువ దిగువ యను విశేషణములు పేరికి ముందు నిలుచును. పారసీకవిశేషణము వెనుక నిలిచినది. తెలుగువాడు దానిని విశేషణముగ గుర్తింపక, నామములోని భాగముగనే పలికెను. పురపాలక సంఘ మేర్పడినపుడును ఆ సంఘమునకు ఉప్పలు కలాన్ అనియే పేరు.

ఖాల్సా శబ్దమునకు మూలము అరబ్బీభాషలోని ఖాలిస, అనగా శుద్ధము, మిశ్రము కానిది. రాజునకును రైతునకును నడుమ జాగీరుదారుగాని మక్తాదారుగాని లేక, పన్ను నేరుగ ప్రభుత్వకోశమునకు జేరు భూమి ఖాల్సా. నగరమునకు పడమటనున్న రాయదుర్గమును జూడుడు. ఆ యొక్క యూరే పాన్‌మక్తా, పాయెగా, నౌఖాల్సా యని మూడుగా విభక్తమై నేటికిని భూముల పత్రములలో నట్లే వ్రాయబడుచున్నది. ఊరొకటియే, పన్ను పుచ్చుకొను చేతులు మూడు. ఉప్పలు ఖాల్సా యన్నను ఇట్టి విభాగమే. నిజాము రాజ్యమున నగరము చుట్టుప్రక్కల గ్రామములు పెక్కు అత్రాఫె బల్దా యను పేర ప్రభువు సొంతయాస్తియైన సర్ఫెఖాసులో జేరియుండెను. కొన్ని పాయెగాలవారివి, కొన్ని జాగీరులు. ఇట్టి పరిసరమున ఖాల్సా యను మాట పేరిలో నిలుచుటయే యొక విశేషము: ఇది యెవరి సొంతము కాదని చెప్పుటకే యది పుట్టినది. 1949లో సర్ఫెఖాసు ప్రభుత్వమున విలీనమైనది. ఆ యేటనే జాగీరులు రద్దయినవి. అంతట భూమి యంతయు ఖాల్సాయే యైనది. భేదము పోయినను భేదకశబ్దము నిలిచినది. వ్యావర్తింపవలసినది లేనపుడు విశేషణము వ్యర్థమని తార్కికులందురు గాని, లోకము పేళ్లను తర్కమునుబట్టి దిద్దుకొనదు.

ఇక బాగాతు. నిజాము రాజ్యపు రెవిన్యూదస్త్రములలో సాగుభూమి త్రివిధము: వానమీద నాధారపడునది ఖుష్కీ, నీటిపాఱుదల గలది తరీ, తోటభూమి బాగాతు. బాగ్ అనగా తోట. దానిపై బహుత్వమును దెలుపు ఆత్ ప్రత్యయము చేరి బాగాత్ అయినది. బాగాయత్ అనునది రూపాంతరము. ఈ మూడింటికిని శిస్తు వేర్వేఱుగ నిర్ణయింపబడుచుండెను. మూసీ దాపున నుండుటచే ఉప్పలులో తోటభూమి కొక గ్రామమంత విస్తృతి కలిగి, ఉప్పలు బాగాతు అని వేఱుపేరే యేర్పడినది.

ఈ బాగాతు నేడు వీథిఫలకములమీద భగాయత్ అనియు, భూముల పట్టికలలో భగత్ అనియు గానవచ్చుచున్నది. భగత్ అని చదివినవాడు ఎవడో భక్తుని పేరని తలచును. మార్పు ఎట్లు వచ్చెనో వైయాకరణులకు జెప్పనక్కఱలేదు. పారసీకములోని గకారము కంఠమున నొరయుచు బలుకబడునది. దానిని ఆంగ్లలిపిలో హకారచిహ్నముతో జేర్చి వ్రాసిరి. ఆ చిహ్నము వ్రాతలో నొక యక్షరము ముందునకు జరుగగా గకారపు మహాప్రాణము బకారముపై బడినది, బాఘాతు భాగాతయ్యెను. సంస్కృతమున బుధ ధాతువునకు భోత్స్యతే యని రూపము వచ్చునపుడు తుదినున్న మహాప్రాణత పోయి మొదటికి వచ్చుట పాణిని అష్టమాధ్యాయమున విధించిన భష్భావము. అచ్చట శాస్త్రము, ఇచ్చట లేఖకదోషము. రెండును ఒకటి యనను. అయినను మహాప్రాణ మొకచోట నిలువని చంచలగుణము గలదని యీ పోలిక చూపుచున్నది. తోట భక్తుడై పోవుటకు ఒక్క హకారము చాలినది.

ఆ తోటభూములలో పెద్దభాగమును ప్రభుత్వము సేకరించినది. భూమి నిచ్చిన రైతులకు, తీర్చిన స్థలములలో కొంత తిరిగి యిచ్చిరి. మిగిలినవానిని హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ వీథులు తీర్చి 2019లో వేలము వేసెను. శిస్తు నెకరముమీద లెక్కించిన నేలను ఇపుడు గజముమీద లెక్కించిరి. ఆ వేలపు ప్రకటనలలో సయితము పేరు ఉప్పలు భగాయతే. తోటలేని తోటపేరు.

పొలములమీది పన్నును గూర్చి యింతవఱకు జెప్పితిని. మఱి యిండ్లమాట యేమి? ఇచ్చటనే ముఖ్యమైన విషయమున్నది. మన గ్రామములలో జనులు కాపురముండు నేలకు గ్రామకంఠమని పేరు. తెలంగాణపు దస్త్రములలో దానినే ఆబాదీ యందురు. భూమిని గొలిచి పట్టాలేర్పఱచినపుడు ఈ నేలను విడిగా నుంచి దానిపై శిస్తు విధింపలేదు. ఏల యనగా శిస్తు పంటలో రాజభాగము. పంట లేనిచోట భాగము లేదు. ఒకటవ సాలారుజంగు 1853 నుండి 1883 వఱకు దివానుగా నుండి, గుత్తేదారులచే పన్ను వసూలు చేయించు పద్ధతిని తగ్గించి, 1865లో జిల్లాబందీ నేర్పఱచి, తరువాత భూమి కొలతను బ్రారంభింపజేసెను. ఈ సంస్కారములన్నియు పొలమును గూర్చినవే. మాలీపటేలు వసూలుచేయుచు, పట్వారీ పహాణీ వ్రాయుచు నున్నంతకాలము భూమిశిస్తు దృష్టికి ఇల్లు కనబడలేదు. ఇంటిని వ్రాసిన పహాణీ లేదు. 1954–55 నాటి ఖాస్రాపహాణీని దెలంగాణమంతట ప్రమాణముగ నెంచుదురు గదా. దానిలో జూచినను పొలముల సంఖ్యలు, సాగుచేయువారి పేళ్లు దొరకునే గాని, గ్రామకంఠములో నెవరి యిల్లు ఎంతయో దొరకదు.

ఇంటిపన్ను పరదేశీయుల కల్పన యని కొంద ఱందురు. అది సరికాదు. కాకతీయుల కాలపు పన్నులలో ఇల్లరి, పుల్లరి యను మాటలు ప్రసిద్ధములు. అరి యనగా పన్ను. పన్ను చెల్లించు కాపు అరిగాపు. ఇల్లు, అరి యను పదములకు ఉకారసంధిచే ఇల్లరి; పుల్లు, అరి యను పదములకు అట్లే పుల్లరి. పుల్లనగా గడ్డి. మేతభూమిపై వేయు పన్ను పుల్లరి, ఇంటిపై వేయునది ఇల్లరి. పుల్లరి పేరు పలనాటి కథవలన నేటికిని జనుల నోట నున్నది. ఇల్లరి మాత్రము మఱుగువడినది. ఇల్లరికపుటల్లుని దెలుపు మాటతో దీనికి అర్థసంబంధము లేదని విద్యార్థులకు జెప్పుట మంచిది.

ఇంకను వెనుకకు బోదము. అష్టాధ్యాయిలో ఆఱవ యధ్యాయము మూడవపాదమున అలుక్సమాస ప్రకరణమొకటి గలదు. ప్రాచ్యదేశమున ప్రసిద్ధములైన పన్నుల పేళ్లలో సప్తమీవిభక్తికి లోపము రాదని యందలి యొక సూత్రమున విధి. దానికి కాశికాకారులిచ్చిన యుదాహరణములలో హలేద్విపదిక, దృషదిమాషకము అనునవి యున్నవి. మొదటిది నాగలి యొక్కింటికి రెండు పాదముల చొప్పున బుచ్చుకొనునది. రెండవది సన్నెకల్లొక్కింటికి నొక మాషకము. బాలురకు విభక్తి నిలిచిన సమాసము చూపుటకే యీ యుదాహరణములను మనము వల్లింపజేయుదుము. అందు రెండు పన్నుల చరిత్రమున్నదని తలపము. నాగలిమీది పన్ను పొలముపన్ను. సన్నెకల్లు ఇంటింటి కొకటి, వంటయున్నచోట నుండునది. దానిమీది పన్ను గృహస్థునిమీది పన్నే, ఇల్లరికి పితామహి వంటిది. పన్ను దేనిమీదనో దానిపై సప్తమి యట్లే నిలిచియుండుట చూడుడు. నాగలియందు, సన్నెకంటియందు అని ఆధారమును జూపకయే పన్ను పేరు పలుకరాదని యా దేశపు వ్యవహారము.

కౌటిల్యుడు ఈ రెండింటిని వేర్వేఱు పద్దులలో జేర్చెను. అర్థశాస్త్రము రెండవ యధికరణమున సమాహర్త చూడవలసిన యాయములు చెప్పునపుడు దుర్గమని యొకటి, రాష్ట్రమని యొకటి వేఱుచేసినాడు. సీత, భాగము, బలి, మేతభూమిపై వివీతము, కొలతత్రాటిపేర రజ్జువు – ఇవి రాష్ట్రమునందలివి. వాస్తుకము, అనగా ఇండ్లు ఇంటినేలల వలని యాయము, దుర్గమునందలిది. దుర్గమన నిచట ప్రాకారముగల నగరమే. ఈ విభాగము ననుసరించి చెప్పుదుమేని ఉప్పలు చరిత్రము ఒక్క వాక్యములో నిముడును: రాష్ట్రపుపద్దులో నుండిన గ్రామము దుర్గపుపద్దులోనికి వచ్చినది. నడుమ రజ్జువు మాట యొకటి. భూమికొలత నేర్పు శిక్షణాలయమును భారతసర్వేశాఖవారు 1967లో ఈ యుప్పలులోనే నెలకొల్పిరి. దేశమంతటినుండి కొలతగాండ్రు వచ్చి కొలత నేర్చుకొనిన యూరిలో బాగాతు భగత్తగుట వింతయే.

పద్దు మాఱుట యొక్కనాటి పని కాదు. 1984లో పటేలు పట్వారీల పదవులు రద్దయినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. ఖుష్కీ, తరీ, బాగాతు, శిఖము అను మాటలను ఇంటిమాటలుగ బలుకగల వర్గము దానితో దస్త్రము విడిచినది. 2007 ఏప్రిలు నెలలో ఉప్పలు కలాన్ మొదలగు పండ్రెండు పురపాలక సంఘములును ఎనిమిది గ్రామపంచాయతులును నగరముతో గలిసి బృహద్ధైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడినది. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టము దీనితో నుప్పలువారికి వర్తించినది.

ఆ లెక్క యిట్టిది. ఇంటి విస్తీర్ణమును చదరపుటడుగులలో గొలుతురు. ఆ వాడకును ఆ కట్టుబడికిని నిర్ణయించిన నెలయద్దెతో హెచ్చింతురు. కప్పు సిమెంటుదా, పెంకుదా, రేకులదా యని చూతురు. సంవత్సరపు టద్దెలో నూటికి 17 మొదలు 30 వఱకు నంతరువులనుబట్టి పన్ను; కట్టుబడి పాతదగుటకు నూటికి 10 తగ్గింపు; దానిపై గ్రంథాలయపుపన్ను నూటికి 8. ఈ కడపటి దానిని మన పత్రిక పాఠకులు గుర్తింపవలెను. 1960 నాటి గ్రంథాలయముల చట్టమునుబట్టి యింటిపన్నుతో గలిపి పుచ్చుకొనునది యిది. ఊరి గ్రంథాలయములోని పుస్తకమునకు వెల నిచ్చినవాడు ఆ వీథి గృహస్థు. పొలముశిస్తు చెల్లించిన ఱైతెవ్వడును పుస్తకమునకై యింత యని వేఱుగ నిచ్చియుండడు. ఇంటిపన్నును నిందించువారు ఈ యెనిమిదిపైసల నైనను మెచ్చవలెను.

నాకు విచార్యముగ దోచునది అద్దె. తాతలనాటి యింట దాను గాపురముండువాడు ఎవరికిని అద్దె కీయలేదు, ఎవరికిని అద్దె యీయడు. అయినను ఆ యిల్లు అద్దె కిచ్చిన ట్లెంచి పన్ను గట్టుదురు. శాస్త్రమున దీనికి అతిదేశమని పేరు. ఆదేశమును స్థానివలె నెంచుమని పాణిని చెప్పినట్లు, సొంతయింటిని అద్దెయింటివలె నెంచుమని చట్టము చెప్పినది. అతిదేశము నొప్పుకొనుటలో దోషము లేదు. అది లేనిచో శాస్త్రమే నడువదు. కాని పాణిని స్థానివద్భావమును విధించిన సూత్రములోనే అల్విధికి గాదని హద్దు గీసెను. పన్నులో జేసిన యతిదేశమునకు గూడ హద్దుండవలెను. నాలుగుప్రక్కల వసారాయు నడుమ ముంగిలియు గల పాతయిల్లు, అద్దె లెక్కలో నెక్కువ చదరపుటడుగులు గలిగి తక్కువ సంపాదించునది. దానిని పడగొట్టి మేడ గట్టినచో నిజముగనే యద్దె వచ్చును, పన్నునకు దారి దొరకును. ఏ యధికారియు మండువాయింటిని గూల్చుమని యుత్తరువీయలేదు. కొలమానమే మెల్లగ నా పని చేయించును. సన్నెకల్లుమీద పన్ను వేసిన రాజు ఇంటి వైశాల్యమును లెక్కపెట్టలేదు.

దీనికంటె గట్టిచిక్కు వేఱొకటి. గ్రామకంఠములోని యింటికి పట్టా లేదని పైన జెప్పితిని. శిస్తు లేదు గనుక దస్త్రము లేదు. దస్త్రము లేదు గనుక యజమాని పేరు లేదు. అట్టి యిల్లు నగరములో జేరినపుడు దానికి మొదటిసారి లభించిన ప్రభుత్వపత్రము ఇంటిపన్ను రసీదు. కావున పాతయూరివారు దానిని హక్కుపత్రమువలె బెట్టెలో దాచుకొందురు. కాని పన్ను పుస్తకములో బేరు మార్చినంతమాత్రమున హక్కు పుట్టదు, పోదు అని న్యాయస్థానములు పలుమాఱు చెప్పినవి; రెవిన్యూదస్త్రములోని పేరుమార్పును గూర్చి సర్వోన్నత న్యాయస్థానము 1996లో నిట్లే తీర్పుచెప్పెను. ఇది న్యాయమే. మాధవయ్య యిల్లు అన్నపుడు షష్ఠి సంబంధమాత్రమును జెప్పును. ఆ సంబంధము స్వామిత్వమా, వాసమా, అద్దెయా, పన్ను చెల్లించుటయా యని షష్ఠి చెప్పదు. షష్ఠ్యర్థములు నూటొక్కటి యని భాష్యకారుడు లెక్కించినది యిందులకే. పన్ను పుస్తకములోని షష్ఠికి చెల్లింపుదారు డను నర్థము తప్ప మఱియొక యర్థము లేదు. గృహస్థు మాత్రము నూటొక్క యర్థములలో దన కిష్టమైనదానిని, స్వామిత్వమును, దానిలో జదువుచున్నాడు.

2020 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము గ్రామములలోని ఆబాదీనేలలను గొలిచి గృహస్థులకు హక్కుపత్రము లిచ్చుటకొక యోజనము నారంభించినది. దానికి పేరు స్వామిత్వ. ఆంగ్లపదముల యాద్యక్షరములు గూర్చి చేసిన పేరయ్యును, స్వామిన్ శబ్దముపై త్వప్రత్యయము చేరిన సాధుశబ్దముతో సరిగా గలిసివచ్చినది. పరిపాలకుల యక్షరకూటములలో నింత యదృష్టము గలది మఱియొకటి నేను జూడలేదు. ఆ యోజనము గ్రామములకు మాత్రమే. ఉప్పలు అంతకు బదుమూడేండ్ల ముందే నగరములో జేరినది. గ్రామమై యుండిననాడు గ్రామకంఠము కొలువబడలేదు. గ్రామకంఠమును గొలుచు కాలము వచ్చునప్పటికి ఉప్పలు గ్రామము కాదు.

నాచారము దారి వేఱు. దానిపేరి వెనుక పారసీకపు తోక లేదు. ఉత్తరదిక్కున మౌలాలి గుట్ట, ఊరికొక పెద్దచెఱువు. ఇచ్చట తోటలకు బదులు యంత్రశాలలు వచ్చి పారిశ్రామికవాడ వెలసినది. చెఱువు దాపునకు యంత్రశాలపేరనే హెచ్.ఎం.టి. నగరమని పేరు. పొలమును దున్నుట మాని కర్మాగారము గట్టినచో శిస్తు దేనిమీద? పంటలేనిచోట భాగము లేదను పాతన్యాయము ప్రకారము ప్రభుత్వమున కేమియు రాగూడదు. ఈ సందును బూడ్చుటకే 1963లో వ్యవసాయేతర భూముల పన్నుచట్టము పుట్టినది. ఆంగ్లనామపు టాద్యక్షరములను గలిపి జనులు దానిని నాలా యనిరి. నగరభాషలో నాలా యనగా మురుగుకాలువ. అందుచే నాలా కట్టవలెనన్న మాటకు రెండర్థములు! 2006లో నా చట్టము పోయి దానిస్థానమున భూమిమార్పిడి చట్టము వచ్చినది; అది యేటేట జెల్లించు పన్ను గాక, పొలము పొలము గాకుండ బోవునపు డొక్కసారి చెల్లించు రుసుము. చట్టము పోయినను మాట పోలేదు. ఆ రుసుమునుగూడ నాలా యనియే పిలుచుచున్నారు. ఖాల్సా విషయమున జూచినదే యిచ్చటను.

1922లో హైదరాబాదున స్థాపితమైన లక్ష్మణరాయ పరిశోధకమండలివారు ఊరూర దిరిగి తెలంగాణా శాసనములను సేకరించి 1935లో బ్రకటించిరి. ఱాతిపై నున్నదాని కట్టి యాదరము లభించినది. కాగితముపై నున్నదానికి లభింపలేదు. ఉప్పలు, రామంతాపురము, హబ్సిగూడ, నాచారము, మల్లాపురములలోని పాతయిండ్లలో పట్వారీల నాటి శిస్తురసీదులు, పంచాయతీనాటి యింటిపన్ను చీటీలు మిగిలియుండును. ఆ ప్రాంతపు పాఠశాలలలోని పండితులు వానిని జూచినపుడు మూడు సంగతులు వ్రాసికొనవలెనని కోరెదను: ఊరిపేరు వెనుకమాట యేమి యున్నది, బాగాతు శబ్దము ఏ యక్షరములతో వ్రాయబడినది, పన్ను దేనిమీద నని యున్నది. మూడవదానికి సప్తమీవిభక్తితో నుత్తరము దొరకినచో మఱియు మేలు. చీటీ యజమానుల పేళ్లు మాత్రము ప్రకటింపరాదు.